ఆకురాయి కింద పోయిన నంబరు

1949 డిసెంబరు. సూర్యాపేటలో, బెజవాడ రోడ్డు పక్కన మా మేనమామకు లైసెన్సు తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. హైదరాబాదు టెక్నికల్ స్కూల్లో ఫిట్టర్ కోర్సు పూర్తిచేసి నేను ఆ దుకాణంలో చేరి అప్పటికి రెండేళ్లు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి భర్మార్లు, అంటే మూతి వైపు నుంచి మందు, గుండు కూరి, వెనక నిప్పు రవ్వనిచ్చే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే పాత తుపాకులు. ఆ ఏడు ఈ ప్రాంతంలో తుపాకి అనే మాటను ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు. రజాకార్లు పోయారు, యూనియన్ సైన్యం వచ్చింది, కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరా గాలిస్తున్నారు. పంటకాపలాకు లైసెన్సు ఉన్న రైతు కూడా తుపాకిని గోనెసంచిలో చుట్టి, కాగితాన్ని గుండె మీది జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

లింగయ్య అలాగే వచ్చాడు. మునగాల దాటాక, కోదాడకు ఇటువైపు ఒక పల్లె ఆయనది. నాలుగెకరాల జొన్న, ముప్పై గొర్రెలు. వయసు యాభై దాటింది. ఆయన తుపాకి మామూలు భర్మారు కాదు. నాళం లోపల మెలి తిరిగిన చాళ్లున్నాయి. అలాంటిదాన్ని రైఫిల్ అంటారు. ఆ చాళ్ల వల్ల గుండు తిరుగుతూ తిన్నగా పోతుంది.

"దూరం పంది మంచిగనే అగుపిస్తది మిస్త్రీ," అన్నాడు. "గీ దగ్గరి గాటే బూజు పట్టినట్టు అయితది. ఎట్ల గురిపెట్టాలె?"

"అద్దాలు పెట్టుకో కాకా."

"పెట్టి సూసిన. అద్దాలు పెడితె గాటు అగుపిస్తది, పంది మాయమైతది. దేన్ని కొట్టమంటవ్, గాటునా?"

ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మామూలు తుపాకిలో కన్ను మూడింటిని ఒక వరుసలోకి తేవాలి. నాళం మీది వెనక గాటు, మూతి దగ్గరి ముందు గురి, ఆ తర్వాత జంతువు. వయసు మీద పడ్డ కంటికి అన్నిటికంటే దగ్గరిదైన గాటు మసకబారుతుంది. దీనికి మందు పీప్ సైట్. అది సన్నని అంచున్న ఒక చిన్న ఇనుప చక్రం, దాని నడుమ రంధ్రం. దాన్ని నాళం మీద కాక బాగా వెనక్కి, టాంగ్ మీద బిగిస్తారు. టాంగ్ అంటే నాళం వెనక తోకలా సాగి కర్రలోకి దిగే ఇనుప పట్టీ. గురి చూసేవాడు రంధ్రాన్ని చూడడు, రంధ్రంలోంచి చూస్తాడు. కన్ను దానంతట అదే నడుమకు వస్తుంది. ఇక కలపాల్సినవి రెండే.

మా స్కూలు పుస్తకంలోని కొలత ప్రకారం అంగుళంలో పదహారో వంతు రంధ్రం వేసి చూపించాను. లింగయ్య కన్ను ఆనించి నవ్వాడు.

"సూది బెజ్జంల నుంచి సూసినట్టున్నది. పందులు పొద్దుమూకేటప్పుడు వస్తయి. నీ పుస్తకపోడు మిట్టమధ్యాన్నం కొడ్తడేమో."

పుస్తకం పక్కన పెట్టి రంధ్రాన్ని రెట్టింపు చేశాను. మసక వెలుతురులోనూ పనికొచ్చింది. పక్కన మనుషులు తిరిగే చేలో గుండు ఎటో పోతే ఎంత ప్రమాదమో తుపాకి పట్టినవాళ్లకు తెలుసు. అందుకే ఆ గురి మీద అంత శ్రమ పెట్టాను.

పని మొదలుపెట్టే ముందు నేను జాబితా రాసుకుంటాను. ఆ రోజు రాసింది తొమ్మిది అంశాలు. కడ్డీ దింపి లోపల మందు లేదని చూడడం మొదటిది. టోపీ కూర్చునే నిపుల్ ఊది చూడడం, నాళాన్ని వెనక నుంచి మూసే బ్రీచ్ ప్లగ్ మరలు ఎంత లోతున ఉన్నాయో కొలవడం, కొత్త స్క్రూ ఆ మరల్లోకి దిగకుండా చూడడం, పేలి వెనక్కి తన్నినప్పుడు చక్రం కంటికి తగలనంత ఎడం ఉంచడం ఆ తర్వాతివి. పీప్ సైట్ పీట కదలకుండా కూర్చోవాలంటే టాంగ్ పైభాగం చదునుగా ఉండాలి. అక్కడ తుప్పు, గట్టిపడ్డ నూనె, వాటి కింద నాలుగు సొట్టలు. తుప్పు తిన్న గుంటలనుకుని ఆకురాయి పెట్టి అద్దంలా చదును చేశాను.

అవి గుంటలు కావు. పాత సర్కారు ఠాణాలో ఉర్దూ అంకెల్లో పంచ్ కొట్టిన లైసెన్సు నంబరు. నేను చదువుకున్నది ఉర్దూలోనే. ఆ అంకెలు తెలియవని చెప్పుకునే వీలు నాకు లేదు. తుడిచి చూడలేదు, అంతే.

సూర్యాపేట ఠాణాలో లైసెన్సు కాగితం చూపించి అనుమతి తీసుకుని, ఊరవతల రాళ్లగుట్ట దగ్గర ఒక గురి కాగితం కట్టి, యాభై గజాల నుంచి ఐదు గుండ్లు కాల్చాం. నాలుగు అరచేయంత జాగాలో పడ్డాయి. లింగయ్య ఆ గురి కాగితాన్ని మడిచి రుమాల్లో పెట్టుకున్నాడు, ఇంటిదానికి చూపిస్తానని.

పదో రోజు పొద్దున ఆ ఇంటిదే వచ్చింది. పేరు యాదమ్మ. మొదటి బస్సు దిగి నేరుగా నా బల్ల ముందు నిలబడింది.

"నా మొగని తుపాకికి ఏం జేసినవ్ మిస్త్రీ?"

"ఏమైంది చిన్నమ్మా?"

"తుపాకులన్ని తెచ్చి సూపియ్యమని దండోర ఏసిన్రు. తీస్కపోయిండు. నంబరు లేదట. దళపోళ్లకు ఇచ్చెతందుకు గీకిండని మొన్న లోపటేసిన్రు. గీకినోనివి నువ్వు, తన్నులు తిన్నది ఆయన. రేపు పొద్దుగాల లారీల పంపుతరట. ఆ లారీ ఎక్కినోళ్లు మా ఊళ్లె ఇంక ఒక్కరు తిరిగి రాలే."

నా చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టేశాను. మామ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు పని మీద ఉన్నాడు. ఆయనుంటే వెళ్లనిచ్చేవాడు కాదు. నంబరు చెరిపింది నేనేనని ఠాణాలో ఒప్పుకుంటే, లారీలో లింగయ్య పక్కన ఇంకొక మనిషికి జాగా ఉంటుంది. అది తెలిసే బయల్దేరాను. కానీ ఒట్టి ఒప్పుకోలుతో ఆయన బయటికి రాడు. పోయిన నంబరు కనిపించాలి.

దానికొక మార్గం ఉంది. పంచ్ దెబ్బ పడ్డప్పుడు అంకె కింది ఇనుము నలిగి బిగుసుకుంటుంది. అంకెను అరగదీసినా ఆ నలుగుడు అడుగున మిగిలే ఉంటుంది. తేజాబు, అంటే ఆసిడ్, నలిగిన చోట ఒకలా, నలగని చోట ఒకలా తింటుంది. అప్పుడు అంకె నీడలా పైకి తేలుతుంది. స్కూల్లో మాస్టారు ఒక రైలు పట్టా ముక్క మీద చేసి చూపారు. నేను సొంతంగా ఎన్నడూ చేయలేదు. తగరం అతికే మనిషి దగ్గర ఉప్పు తేజాబు, బజారులో మైలుతుత్తం, కొంత దూది తీసుకుని యాదమ్మతో బస్సెక్కాను.

ఆ ఠాణా పేరు రాయను. అందులో ఇద్దరున్నారు. ఒకరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్. రెండోవాడు పాత సర్కారు నాటి నుంచి అక్కడే ఉన్న ముహర్రిర్, అంటే ఠాణా రాతపనివాడు. కటకటాల వెనక లింగయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడికన్ను వాచి మూసుకుపోయింది. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"నంబరు అరగదీసింది నేను సార్. పీప్ సైట్ బిగించడానికి. ఆయనకు తెలియదు."

"అడవి పందిని కొట్టడానికి ఇంత గురి ఎందుకయ్యా?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్. "మీరిద్దరూ కలిసి చెప్పే కథ బానే ఉంది. ఆ నంబరేదో చూపించు, అప్పుడు నమ్ముతాను."

వరండాలో తుపాకి పడుకోబెట్టి, పీట విప్పి, టాంగ్‌ను గరుకు కాగితంతో రుద్ది, మైలుతుత్తం కలిపిన తేజాబును దూదితో అద్దాను. ఇనుము రాగి రంగుకు తిరిగింది. తుడిచాను. ఏమీ లేదు. మళ్లీ అద్దాను, మళ్లీ తుడిచాను. అరగంటకు ఒక నిలువు గీత తేలింది. తర్వాత పంగలకర్ర లాంటిది ఒకటి, దాన్నే బోర్లించినట్టు ఇంకొకటి. ఉర్దూలో ఒకటి, ఏడు, ఎనిమిది.

"ఇవి అంకెలంటావా?" సబ్ ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "నాకేదో గీతల్లా ఉన్నాయి. నువ్వు చెప్పవయ్యా, నీకు ఉర్దూ వచ్చుగా."

ముహర్రిర్ వంగాడు. చూశాడు. పై అధికారి ముఖం కూడా చూశాడు.

"సరిగ్గ అగుపిస్తలేవు సార్," అన్నాడు.

వాకిట్లో నిలబడ్డ యాదమ్మ నోరు తెరవబోయింది. చెయ్యెత్తి ఆపాను. ఆ క్షణంలో నాకు కలిగిన కోపాన్ని మాటల్లో పెడితే పని చెడేది.

"మీకు ఉర్దూ చదవడం రానక్కర్లేదు సార్," అన్నాను. "లైసెన్సు కాగితం బోర్లించి పెట్టండి. ఒక పెన్సిలు తీసుకోండి. ఇనుము మీద ఏది కనిపిస్తే అది మీ చేత్తో గీయండి. తర్వాత కాగితం తిప్పి పోల్చండి."

ఆయనకు అది నచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మూడు గీశాడు. నాలుగోది రాలేదు. మరో పావుగంట అద్దాను. ఆఖరికి, తలకిందులుగా పెట్టిన తమలపాకు లాంటి నీడ రెండు ఊపిరుల సేపు కనిపించి పోయింది. ఆయన దాన్ని కూడా గీశాడు. కాగితం తిప్పాడు. ఆయన గీసిన నాలుగు ఆకారాలు, లైసెన్సు కాగితం మీది నాలుగు ఆకారాలు ఒకటే. 1785.

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "వాణ్ణి తీసుకెళ్లండి. తుపాకి ఇక్కడే ఉంటుంది," అన్నాడు. కొట్టినందుకు ఒక్క మాట లేదు. నా మీద కేసు కూడా రాయలేదు, రాస్తే తాము కొట్టిన దెబ్బలూ రాతలోకి వస్తాయని అనుకుని ఉంటాడని నా అనుమానం.

రోడ్డు మీదికి వచ్చాం. వెనకే ముహర్రిర్ బీడీ ముట్టించుకుంటూ వచ్చాడు.

"మంచి పని జేసినవ్ బాబూ. ఆ నంబరు పన్నెండేండ్ల కింద నా చేత్తోనే కొట్టిన. తుపాకి చేతికి రాంగనే గుర్తుపట్టిన."

"మరి మొన్ననే ఎందుకు చెప్పలే?"

"పాత సర్కారోన్నని నన్ను ముందే అనుమానంగ సూస్తుండు. పిల్లలు గలోన్ని."

"ఆయనకు లేరా పిల్లలు? రెండు దినాలు నీ కండ్ల ముంగట కొడ్తుంటె ఆ బల్ల మీద ఏం రాసినవ్?"

లింగయ్య నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు.

"నడువు మిస్త్రీ. నువ్వన్న వచ్చినవ్."

ఆ మాట మెప్పుగా తీసుకోలేకపోయాను. రెండు రోజులు ఆలస్యంగా వచ్చినవాణ్ణి, అసలు తప్పు చేసినవాణ్ణి. తుపాకి ఇప్పించమని మూడు అర్జీలు రాశాను. జవాబు రాలేదు. నాలుగోది రాయబోతే లింగయ్య వద్దన్నాడు. "అది తిరిగొస్తె మల్ల సూపిచ్చెతందుకు గాడికే పోవాలె. నాకొద్దు. డబ్బా కొట్టుకుంట పందులను ఎల్లగొడ్తున్న." ఆ ఏడు జొన్నలో సగం పందులు తిన్నాయి.

ఇప్పుడు నా బల్ల మీదికి ఏ తుపాకి వచ్చినా, యజమాని నంబరు మీద వేలు పెట్టి చూపించేదాకా, నేను దాన్ని కాగితంతో పోల్చేదాకా ఆకురాయి ముట్టను. తొందరపెట్టేవాళ్లను వెనక్కి పంపేస్తాను. నా తప్పు నుంచి నేర్చుకున్నది అంతే, అది చిన్న పాఠం.

రెండోది ఇంకా మింగుడుపడలేదు. ముహర్రిర్ భయం నాకు అర్థమవుతుంది. ఆ రోజు నేనూ భయపడ్డాను. అర్థమైనందువల్ల కోపం తగ్గలేదు. అరిగిపోయిన ఇనుము చేత నంబరు చెప్పించడానికి నాకు ముప్పావు గంట పట్టింది. దాన్ని తన చేత్తో కొట్టి, పక్కనే నిలబడ్డ మనిషి చేత మాత్రం చెప్పించలేకపోయాను.