ఒక్క స్టేషను దూరం, ఒక బెల్టు

మా చర్చి సంఘం మాసపత్రికకు యాత్రా కథనాలు రాసేది నేనే. వెల్లూరు వెళ్ళినా, మెదక్ వెళ్ళినా, బండి ఎన్నింటికి, ఇడ్లీ ఎక్కడ బాగుంటుంది, మంచినీళ్ళు మోసుకెళ్ళాలా అన్నీ రాస్తాను. ఈసారి యాత్ర అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు. మెట్రోలో ఒకే ఒక్క స్టేషను. నవ్వకండి, పూర్తిగా చదవండి.

పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో బాలల రక్షణ సదస్సు, అందులో పిల్లల నాటికల పోటీ. మా సండే స్కూలు తరఫున తాగుబోతు తండ్రి కూతుర్ని కొట్టే నాటిక రాశాను. ఆరుగురు పిల్లలు. తండ్రి వేషానికి మాత్రం కృష్ణానగర్ నుంచి యాదగిరి అనే జూనియర్ ఆర్టిస్టును బతిమాలి తెచ్చుకున్నాను. మా పక్కింటావిడ తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో హీరోల చేతుల్లో తన్నులు తినడమే అతని వృత్తి. "తన్నులు తినుడైతె వస్తది మేడం, కొట్టుడే రాదు. జర నేర్పుండ్రి" అన్నాడు.

ఉదయం 9:10కి అమీర్‌పేట స్టేషను మెట్ల దగ్గర చేరాం. కూతురి వేషం వేసే తొమ్మిదేళ్ళ కెజియాను వాళ్ళ నాన్నే దింపాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు గనుక ఆయన్ని అందరం కీబోర్డు బ్రదర్ అంటాం. తల్లి లేని పిల్లను ఒంటిచేత్తో పెంచుతున్నాడని సంఘమంతా మెచ్చుకుంటుంది. "వందనాలు సిస్టర్. మా పాప జర మొండిది, భయం చెప్పుండ్రి" అన్నాడు. మొండిదేమిటి, బంగారు తల్లి! మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న గౌనే వేసుకుంటుంది. మూడేళ్ళుగా మిగతా ఆడపిల్లలకు దాన్నే చూపించి బుద్ధులు చెబుతున్నాను.

9:20కి మొదటి ఆటంకం. తనిఖీ దగ్గర సెక్యూరిటీ అతను నా సంచిలోంచి బెత్తం బయటికి లాగాడు.

"గిదేంది మేడం?"

"పిల్లల్ని కొట్టడానికి" అన్నాను. అతను నన్ను, పిల్లల్ని మార్చి మార్చి చూశాడు. "అంటే, పిల్లల్ని కాపాడడానికి" అని సర్దుకున్నాను. అది ఇంకా అధ్వాన్నంగా వినిపించింది. కర్రలు లోపలికి తీసుకుపోకూడదట. బెత్తం అక్కడే ఉండిపోయింది. "ఫికర్ చెయ్యకుండ్రి, నా నడుముకు బెల్టుంది" అన్నాడు యాదగిరి. వెనకాల నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన ఏమనుకున్నాడో, దూరంగా జరిగాడు.

9:34కి రైలెక్కి 9:36కి దిగాం. సీటు దొరుకుతుందా అని చూసేలోపే పంజాగుట్ట వచ్చేసింది.

సదస్సు పదింటికన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చారు. అంతదాకా నాలుగు బడుల పిల్లల్ని వాకిట్లో ఎండలో బారులు తీర్చారు. బాత్రూము తాళం ముఖ్య అతిథి కోసం దాచారు కాబట్టి, తాగితే అటు పరిగెత్తుతారని పిల్లలకు నీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. నేను తెచ్చిన రెండు సీసాలూ అయిపోయాయి (ఇంకో నాలుగు తీసుకెళ్ళండి). నిర్వాహకుడు మైకులో "బాల్యం పువ్వులాంటిదండీ" అని మొదలుపెట్టి, అదే మైకులో "ఒరేయ్, చప్పుడు చేశారంటే వీపులు పగులుతాయ్!" అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

11:40కి వరండాలో చివరి రిహార్సల్. యాదగిరి బెల్టు తీసి గాల్లో తిప్పాడు. ప్యాంటు జారిపోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. కెజియా మాత్రం నవ్వలేదు. దగ్గరికెళ్ళి బెల్టు సరిచేసింది.

"అట్ల కాదంకుల్. బకల్ మీ చేతిలుండాలె. బకల్ తగిల్తె రక్తమొస్తది, బడిల అడుగుతరు. ముందుగాల కీబోర్డు మీద రిథమ్ పెట్టాలె, సౌండు మస్తు పెంచాలె. గప్పుడు కొట్టాలె."

"అబ్బో, డైరెక్టరమ్మ వచ్చింది!" అన్నాను. నవ్వాను కూడా. ఈ మాట రాయకుండా ఉండలేను. నవ్వాను.

12:15కి నాటిక. 12:40కి ముఖ్య అతిథి చేతుల మీదుగా కెజియాకు ఉత్తమ సహజ నటి బహుమతి. ఫోటోగ్రాఫరుకు మొదటిసారి సరిగా పడలేదని, దెబ్బ తినేటప్పటి ముఖం ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టింది.

భోజనం పేరుతో ఒక్కొక్కరికి రెండు మిరపకాయ బజ్జీలు ఇచ్చారు. తింటుంటే యాదగిరి నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, నేను బెల్టు లేపకముందే ఆ పిల్ల భుజం లోపలికి గుంజుకుంది. నటించెటోళ్ళు దెబ్బ పడ్డంక ముడుసుకుంటరు. ఇరవై ఏండ్ల సంది గదే నా పని, నాకెరుకే. గా పిల్ల నటిస్తలేదు."

కెజియాను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, గౌను చేతిని మోచేయి దాకా మడిచాను. అక్కడున్నది ఇక్కడ రాయను. మూడేళ్ళు మెచ్చుకున్నాను ఆ గౌన్లను. నా నోరు పడిపోను!

పిల్లల సహాయానికి ఫోన్ నంబరుందని పొద్దుటి నుంచి మైకులో ఊదరగొట్టారు. కరపత్రం అడిగితే అయిపోయాయన్నారు. ఎక్కడికి పోయాయి? బజ్జీల కింద పెట్టి పంచారట. నా చేతిలో నూనె కాగితం విప్పితే నంబరుంది. చేశాను. "పాపను ఇంటికి పంపకండి. మూసాపేటలో మా ఆఫీసుంది, తీసుకొచ్చేయండి. తండ్రితో మేం మాట్లాడతాం" అంది అవతలి అమ్మాయి. ఆ రోజు మొత్తానికి పనికొచ్చిన మాట అదొక్కటే.

మూసాపేట వెళ్ళాలంటే మళ్ళీ అమీర్‌పేట మీదుగానే. అక్కడ మెట్ల కింద ఆయన ఎదురుచూస్తుంటాడు.

1:52కి రైలు. ఎక్కగానే ఫోను మోగింది. "సిస్టర్, నేను కిందనే ఉన్న. పాపను పంపుండ్రి." గొంతు ఎంత మెత్తగా ఉందో!

"ఆయనకేం చెప్పాలె మేడం?" అన్నాడు యాదగిరి.

"నాటిక ఇంకా అయిపోలేదని చెప్పు."

అమీర్‌పేటలో తలుపులు తెరుచుకున్నాయి. మిగతా ఐదుగురితో యాదగిరి దిగాడు. అలవాటుగా కెజియా కూడా లేచింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. తలుపులు మూసుకునేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఈ దారిన వెళ్ళేవారికి చెబుతున్నాను: అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు రెండు నిమిషాలు. నాకు మూడేళ్ళు పట్టింది.

ఎస్సార్ నగర్ దాటాక, ఒళ్ళో బహుమతి పెట్టుకుని కెజియా నెమ్మదిగా అడిగింది.

"టీచర్, మనం పోయే కాడ సుత చేసి చూపించాల్నా?"

"వద్దమ్మా" అన్నాను. "చెప్తే చాలు."