లారీల వంతు కాసిన మనిషి

మా సారు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. ఎనభైల చివర్లో మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన కంప్యూటర్ సెక్షన్‌కు పెద్ద. నేను ఆయన కింద పనిచేశాను. ఈమధ్య ఇలాంటి కబుర్లు విని విని అలసిపోయాను. అయినా బాధగానే ఉంది.

లోడింగ్‌కు లారీల వంతు, డ్రైవర్ల మాటలో సీరియల్, ఆ కంప్యూటరే చెప్పేది. వెనకొచ్చిన లారీలు ముందుకు పోతున్నాయని గేటు దగ్గర రోజూ గొడవే. పాపం డ్రైవర్లు ఎండలో పడిగాపులు కాసేవాళ్లు. సారు వారాల తరబడి వెతికి దొంగదారి పట్టుకున్నారు. మెషీన్‌ను నడిపే మూల ప్రోగ్రామ్ కెర్నెల్. అది ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళితే, తిరిగి ఎక్కడికి రావాలో స్టాక్ అనే చోట ఒక గుర్తు పెట్టుకుంటుంది. మనం టైపు చేసి ఇచ్చే పేరు దానికి కేటాయించిన జాగా కన్నా పొడవైతే, పొంగి పక్కనున్న ఆ గుర్తు మీద పడుతుంది. ఎవరో కావాలనే అలా గుర్తు మార్చి, మెషీన్‌ను చేతిలోకి తీసుకుని, వంతులు తారుమారు చేస్తున్నారు.

సారు వాళ్ల నాన్న నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. రాతిగోడలో పగులు కనిపిస్తే అడ్డంగా సున్నం పట్టీ వేసేవాళ్లట. పట్టీ చిట్లిందంటే రాయి కదిలినట్టే, ఇక కింద ఎవరూ నిలబడరు. సారు కెర్నెల్లోనూ అదే చేశారు. పొడవు చూడకుండా ఏ పేరూ తీసుకోనివ్వలేదు. అయినా ఎక్కడైనా తప్పిపోతుందేమోనని, తిరిగొచ్చే గుర్తుకు ముందు ఒక అంకె పెట్టారు. పేరు పొంగితే ముందు ఆ అంకే చెరిగిపోతుంది, అంకె మారితే మెషీన్ ఆగిపోతుంది. ఆ రోజుల్లో మా అబ్బాయికి పేరు పెట్టామని చెబితే, "పొడుగెంతరా?" అన్నారు.

మెషీన్ ఆగింది. లోడింగూ ఆగింది.

"ఏందయ్యా ఇది? పనికని మెషీన్ కొంటే దానికి ఆగడం నేర్పావా? తీసెయ్," అన్నారు మేనేజరు.

"ఆగిందంటే ఎవడో చెయ్యి పెట్టాడని సార్. తీసేస్తే ఎవడి సీరియల్ ఎవడు తింటున్నాడో మళ్లీ తెలవదు. నేను తియ్యను."

ఆయన్ను స్టోర్స్‌కు మార్చారు. దాన్ని తీయడం తెలిసిన ఒక్క మనిషినీ అలా స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. తీయమని నన్నడిగితే నాకు చేతకాదన్నాను. అలా ఆ అంకె ఉండిపోయింది. చెయ్యి పెట్టినప్పుడల్లా మెషీన్ ఆగిపోతుంటే ఆ దొంగలూ మానుకున్నారు, మెల్లగా గేటు దగ్గర గొడవలు సద్దుమణిగాయి. డ్రైవర్లు మాత్రం మెషీన్ ఆపించినాయన అని ఆయన్నే తిట్టుకునేవాళ్లు.

"అసలు సంగతి వాళ్లకు చెప్పొచ్చుగా సార్?" అన్నాను.

"వాళ్లక్కావాల్సింది సీరియల్ రా. మన సంగతెందుకు?"

నిన్న పాడె వెంట నడుస్తుంటే వెనక నుంచి ఒకటే హారను. ఖాళీ సిమెంటు లారీ. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమనుకోమాకండన్నా, కాస్త జరగండి. నా సీరియల్ పోద్ది," అన్నాడు.

మావాళ్లు కోప్పడ్డారు. నేనే సర్దిచెప్పాను. పాడెతో రోడ్డు వారకు జరిగి నిలబడ్డాం. లారీ మమ్మల్ని దాటుకుని ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయింది.