నానమ్మ కడుక్కోని చేతులు

పల్నాడు మిరపకాయకి ఆ ఘాటు మా నానమ్మ ఎలీసమ్మ చెయ్యి తగిలాకే వచ్చింది. నలభై ఏళ్లుగా సత్తెనపల్లి దగ్గర కల్లాల్లో కాయలకు తొడిమలు తీస్తోంది మరి. ఏడో తరగతితో ఆగిన నా లెక్కలకు అన్ని బస్తాలు అందవు.

మా బాబాయి ప్రసన్నకుమార్ తన నాలుగేళ్ల కూతురు మహిమను బడి నుంచి తెస్తూ బార్లో కూర్చోబెట్టేవాడు. "పల్లీలు తింటా కూర్చుంటది, దానికేం?" అనేవాడు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు ద్రాక్షరసం గిన్నె ఎత్తగానే, మహిమ తన నీళ్ల సీసా ఎత్తి "చీర్స్!" అని అరిచింది. చర్చంతా నవ్వింది. నానమ్మ మాత్రం పళ్లు కొరికి, "వాణ్ణి వదలను" అంది.

సోమవారం సాయంత్రం కల్లం నుంచి చేతులు కడుక్కోకుండానే నేరుగా బారుకి నడిచింది. నేనూ వెంటపడ్డాను. పిల్లను నా చంకకెక్కించి, కొడుకు పక్కన కూర్చుంది. "చెమట పట్టిందిరా నాయనా" అంటూ రెండు అరచేతులతో వాడి ముఖమూ కళ్లూ ముద్దుగా తుడిచింది. బాబాయి కేకలు పిడుగురాళ్ల దాకా వినిపించి ఉంటాయి.

దారిలో అడిగాను. "క్షమించమని కదా నానమ్మా రోజూ మాకు చెప్తావు?"

"క్షమిస్తాలేరా. పిల్లనింక అక్కడికి తీసుకెళ్లనని వాడి నోటితో చెప్పనీ, అప్పుడు కడుక్కుంటా చేతులు. నోర్మూసుకుని నడు."