సమ్మక్కకు రావాల్సిన నాలుగు మార్కులు

మా చిన్నప్పుడు, ఖమ్మంలో ఇంటర్ చదివే రోజుల్లో, మా క్లాసు మొత్తానికి లాగ్ టేబుల్ పుస్తకాలు నాలుగే... పరీక్ష రోజు అవి ముందు బెంచీల దగ్గరే ఆగిపోయేవి.

మాది తల్లాడ, కాస్త భూమి ఉన్న ఇల్లు. నాది ఎప్పుడూ ముందు బెంచీయే. నా వెనక సమ్మక్క. భద్రాచలం అవతల అడవి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది.

ఆ రోజు కెమిస్ట్రీ పరీక్ష. హైడ్రోజన్ అయాన్ల గాఢత ఆరు ఇంటూ పది పవర్ మైనస్ అయిదు అని ఇచ్చి, పీహెచ్ కనుక్కోమన్న లెక్క. ఆరుకు లాగ్ ఎంతో తెలిస్తే చాలు. పుస్తకం నా ముందే ఉంది... ఎలా చూడాలో నాకు తెలియదు. మెల్లగా వెనక్కి తిరిగాను.

"ఆరంటే రెండు మూళ్ళు. రెండుకు పాయింట్ మూడు, మూడుకు పాయింట్ నాలుగు ఎనిమిది... కలుపు. అయిదుల నుంచి తీసెయ్," అంది సమ్మక్క.

4.22. రాసేశాను.

పేపర్లు ఇచ్చినప్పుడు నాకు నాలుగుకు నాలుగు. ఆమె జవాబు మీద ఎర్ర గీత.

"లాగ్ టేబుల్ లేకుండ ఎట్లొచ్చింది? ముందున్న పిల్లది చూసి రాసినవ్ గదా," అన్నారు సార్.

"చూడలే సార్. నోటికే వేసిన. ఇంకోటి అడుగుండ్రి."

"ఏడుకు చెప్పు."

"ఏడును ఏడుతోని గుణిస్తే నలభై తొమ్మిది, యాభై అనుకుందాం. యాభై అంటే వందల సగం. వందకు రెండు, అందుల పాయింట్ మూడు పోతే ఒకటి పాయింట్ ఏడు. దాంట్ల సగం పాయింట్ ఎనిమిది అయిదు."

సార్ పుస్తకం తిప్పి చూశారు. పాయింట్ ఎనిమిది నాలుగు అయిదు... చూసి, మూసేశారు.

"అడవిల గిట్లనే అందాజ లెక్కలేస్తరా? కూర్చో."

అప్పుడు లేచాను. "నేనే ఆమెను అడిగి రాసిన సార్."

ఆయన నా నాలుగు మార్కులూ కొట్టేశారు. అది సరే, తప్పు నాది. కానీ ఆమెవి తిరిగి ఇవ్వలేదు... ఇదెక్కడి న్యాయం?

బయటికొచ్చాక ఏడ్చింది నేను. సమ్మక్క ఏడవలేదు.

"నువ్వు ముందుగాల్నే లేవాల్సింది," అంది. అంతే.

పబ్లిక్ పరీక్షలో ఆమెకు నాకంటే ఎక్కువే వచ్చాయి. ఇప్పుడు దవాఖానాలో నర్సు. అయినా ఆ ఎర్ర గీత తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఎంట్రెన్స్ క్లాసు వింటోంది. క్యాలిక్యులేటర్ లేకుండా లాగ్ అంచనా వేయడం... అచ్చం అదే పద్ధతి. కింద కామెంట్లలో పిల్లలందరూ సార్ సూపర్ అని రాస్తున్నారు. ఇప్పుడు దాని పేరు తెలివి. ఆనాడు అడవి పిల్ల చేస్తే కాపీ.

మీ క్లాసులోనూ సరిగ్గా రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రాయండి... అప్పుడు సమయానికి లేవనివాళ్ళం, ఇప్పుడైనా లేద్దాం.