ఇటు మొకం పెట్టి చెప్పు

అమ్మ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు. మా అమ్మలా వినే మనిషిని చూడలేదని. ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే చేతిలో పని పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి కూర్చుని, మొహంలోకి చూస్తూ చివరిదాకా వినేదని.

“గట్ల ఇనేటోళ్లు ఇప్పుడు ఎవరున్నరు బిడ్డా,” అంది పక్క గల్లీ పెద్దావిడ.

నేను తల ఊపాను. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అమ్మ అలాగే వినేది. ఎందుకు అలా వినేదో మాకు తెలిసింది మాత్రం ఆమె చివరి కొన్నేళ్లలోనే. అదీ ఆమె నడివయసులో మళ్లీ చదువుకోవడానికి వెళ్లడం వల్ల.

మేం సూరత్‌లో లింబాయత్ వైపు ఉంటాం. కింద మగ్గాలు, పైన ఇళ్లు. నాన్న ఆ కింది కార్ఖానాలో పవర్‌లూమ్ నడిపేవాడు. అమ్మ పెళ్లై సూరత్ వచ్చిన కొత్తలోనే అదే కార్ఖానాలో కండెలు చుట్టే పనికి కుదిరింది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు మెషిన్ మీద దారం ఎక్కించే పని అది. మెషిన్ మగ్గాల పక్కనే ఉండేది. నాన్న పోయాక కూడా ఆమె ఆ పని వదల్లేదు. వదిలితే మాకు గడవదు.

నేను డిగ్రీలో ఉండగా మా వైపు ఒక సంస్థ, చదువు మధ్యలో మానేసిన ఆడవాళ్లకు క్లాసులు మొదలుపెట్టింది. ముందు ఎనిమిదో తరగతి పరీక్ష రాయిస్తారు. తర్వాత కుట్టుపని గానీ, బ్యూటీ పార్లర్ పని గానీ, ఆస్పత్రిలో రోగులను చూసుకునే పని గానీ నేర్పిస్తారు. అమ్మ ఆస్పత్రి పనే కావాలంది. కుట్టుపని అయితే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా అన్నాను.

“మళ్ల బట్టనేనా,” అంది. “పుట్టినకాంచి దారమే. మాటలున్న కాడ పని జేస్త నేను. మనుషులతోని.”

ఆస్పత్రిలో ఆయాగా డ్యూటీ చేయాలి, మగ్గాల నుంచి బయటపడాలి. ఆమెకు కావలసింది అంతే. నాకు తెలిసి తన కోసం ఆమె అడిగింది ఇంకేదీ లేదు.

పక్క గదిలో ఉండే చిన్నమ్మ కూడా ఆమెతో పాటు చేరింది. వరసకు చిన్నమ్మ, చుట్టం కాదు. మొగుడు చెప్పకుండా వెళ్లిపోయాక ఒక్కతే ఉండేది. ఇద్దరూ పుస్తకాల సంచులతో మెట్లు దిగుతుంటే కింద ఆడవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

“బడికి పోతున్నవా అక్కా? మరి అన్నం డబ్బా ఎవరు కడుతున్నరు?”

“నువ్వు కట్టియ్యి. పాసైనంక నీ బీపీ ఊకెనే జూస్త,” అనేది అమ్మ.

క్లాసులో అమ్మ ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చునేదట. ముందు కూర్చుంటే మార్కులు ఎక్కువేస్తారా అని చిన్నమ్మ ఎగతాళి చేసేది. ఎనిమిదో తరగతి ఇద్దరూ పాసయ్యారు. నేను తెచ్చిన ఘారీ మిఠాయి డబ్బా మా గదుల వరస అంతా తిరిగి ఖాళీగా వచ్చింది.

తర్వాత అడాజన్‌లో ఒక ఆస్పత్రికి ట్రైనింగుకు పంపారు. వార్డులో అందరూ మాస్కులు పెట్టుకోవాలి. మొదటి వారంలోనే ఒక సాయంత్రం చిన్నమ్మ నవ్వుకుంటూ వచ్చింది.

“ఏమైందో ఎరికేనా? నర్సు బెడ్‌పాన్ తెమ్మంటే అక్క నీళ్ల జగ్గు తెచ్చింది. ఆ ముసలాయనేమో ఆగుతలేడు. నర్సుకు కోపమొచ్చి, బహరీ హై క్యా అని అరిచింది. అందరం నవ్వుడే నవ్వుడు.”

చెవిటిదానివా అని అడిగిందన్నమాట. అమ్మ కూడా నవ్వింది.

“మూతికి గుడ్డ కట్టుకొని గొణిగితే ఎవలకు సమజైతది?” అంది.

బీపీ చూడటం నేర్పిన రోజు విషయం బయటపడింది. ఇప్పుడు ఎక్కడ చూసినా కరెంటు మెషిన్లే, కానీ పరీక్షలో చేత్తో చూసేదే అడుగుతారు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ స్టెతస్కోపులో వినాలి. టక్ టక్ అని మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. నేర్పే ఆవిడ రిటైరైన నర్సు. అందరూ ఆమెను బెన్ అనేవాళ్లు. అమ్మ స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, కాసేపు చూసి, “ఇది ఖరాబ్ ఉంది బెన్,” అందట. బెన్ తన చెవులకు పెట్టుకుంది. బాగానే ఉంది. ఇంకోటి ఇచ్చింది. అదీ ఖరాబే అంది అమ్మ. మూడోదీ అంతే. అప్పుడు బెన్ లేచి అమ్మ వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచింది. అమ్మ పట్టీ విప్పుకుంటూ ఉంది. ఇంకాస్త గట్టిగా పిలిచింది. క్లాసంతా తిరిగి చూసింది. అమ్మ తిరగలేదు.

ఆ రోజు చిన్నమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏం పని చేస్తుందని అడిగి, నేను చెప్పడం పూర్తి కాకముందే తల ఊపాడు. లోపలి నరాలు ఎప్పుడో దెబ్బతిన్నాయి, తిరిగి రావు అన్నాడు. ఇన్నాళ్లూ ఆమె ఎక్కువగా పెదాలు చూసి అర్థం చేసుకుంటోందన్నాడు. బయటికి వచ్చాక ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు.

“కార్ఖానల అందరం గంతే గద. మూతులు జూసే మాట్లాడుకుంటం.”

అది నిజమే. మగ్గాలు నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినపడదు. అందరూ పెదాలు, చేతులు చూసే పని నడుపుకుంటారు. పనిలో చేరిన ఎవరైనా కొద్ది రోజుల్లో అది నేర్చుకుంటారు. ఎవరికి నిజంగా వినపడుతోందో, ఎవరికి పోయిందో అక్కడ తెలిసే వీలు లేదు. ఆమెకు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత చాలా రోజులు నేను పాత సంగతులన్నీ మళ్లీ చూసుకుంటూ ఉండిపోయాను. చిన్నప్పుడు వంట దగ్గర ఉన్న ఆమెకు ఇవతలి నుంచి ఏదైనా చెబితే, చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఇటు మొకం పెట్టి చెప్పు,” అనేది. ఊరి నుంచి ఫోన్ వస్తే నాకు పని ఉంది, నువ్వే మాట్లాడు అని నా చేతికిచ్చేది. వీడియో కాల్ వచ్చాక మాత్రం గంటలు గంటలు మాట్లాడేది. కరెంటు పోతే మాట్లాడటం మానేసేది. చీకటంటే భయమనుకునేదాన్ని. ఇక ఆ చూపు. నేను బడి సంగతులు చెబుతుంటే కళ్లు తిప్పకుండా నన్నే చూసేది. అది ప్రేమ అనుకున్నాను. ప్రేమ కూడా అయి ఉంటుంది. ఎంత ప్రేమో, ఎంత అవసరమో విడదీయడం నాకు చేతకాలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

చెవి మెషిన్ ఒకటి పెట్టించాం. మా ఇంటి కింద రాత్రీ పగలూ మగ్గాలు నడుస్తాయి. అమ్మ దాన్ని రెండు రోజులు పెట్టుకుని తీసేసింది.

“దీన్ల మగ్గాలే ఇనపడుతున్నయి. అవి నాకు కొత్తనా?”

క్లాసులు మానలేదు. బెన్ తన మాస్కు కిందికి లాగి ఆమెకు విడిగా చెప్పేది. మంచం మీద మనిషిని లేపకుండానే దుప్పటి మార్చడం, ఒళ్లు తుడవడం, ఒక పక్కకు తిప్పడం, అన్నం తినిపించడం. అన్నీ వచ్చాయి. మిగిలింది బీపీ ఒక్కటే. అది తప్పితే సర్టిఫికెట్ రాదు.

పరీక్షలో రోగిగా పడుకోవడానికి ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోమన్నారు. ఉపాయం అమ్మదే.

“పేషెంటువు నువ్వే గద. పొద్దుగాల మందుల షాపుల బీపీ జూపించుకొని రా. ఎంతున్నదో పెదవులు కదిలించు చాలు, నేను జెప్త.”

“గట్టిగా అనాల్నా?”

“గట్టిగంటే నాకేం ఇనపడ్తది?” అని నవ్వింది.

ఇంట్లో నేను చాప మీద పడుకునేదాన్ని. ఆమె నా చేతికి కొంగు చుట్టి, లేని గాలి కొట్టేది. నేను గొంతు లేకుండా అంకెలు పలికేదాన్ని. చిన్నమ్మ కాపలా ఉన్న పరీక్షకుడిలా మూతి ముడుచుకుని మా ఇద్దరి మధ్యా తల దూర్చేది. అమ్మ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

పరీక్షకు బార్డోలీ నుంచి ఒకాయన వచ్చాడు. మాస్కు తీయలేదు. ఆయన అడిగినదాన్ని బెన్ అమ్మకు కనపడేలా తిరిగి చెప్పింది. అమ్మ తడిగుడ్డతో నా చేయి వేళ్ల దగ్గర నుంచి భుజం దాకా తుడిచింది. మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పే ఉంచింది. నన్ను పక్కకు తిప్పి, కింద దుప్పటి మార్చి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టింది. నాకు ఎక్కడా ఇబ్బంది తెలియలేదు. ఊహ తెలిశాక ఆమె నా ఒళ్లు తుడవడం అదే మొదలు. చివరిది కూడా.

తర్వాత పట్టీ చుట్టింది. స్టెతస్కోపు పెట్టుకుంది. గాలి కొట్టి వదిలింది. మీటరు ముల్లు దిగింది. ఆమె తలెత్తి నా మొహం చూసింది. నేను పెదాలు కదిలించాను. నూట పది, డెబ్బై. ఆమె ఇంకా చూస్తోంది. మళ్లీ కదిలించాను.

అమ్మ స్టెతస్కోపు మెడలోకి జార్చి, ఆయన వైపు తిరిగి హిందీలో చెప్పింది. “నాకు వినపడదు సార్.”

ఆయన బెన్ వైపు చూశాడు. మిగతా పని అంతా చాలా బాగా చేసిందన్నాడు. తర్వాత పక్కకు తిరిగి, చెవుడున్న మనిషి మీద వార్డు ఎలా వదిలిపెడతాం అని గుజరాతీలో అన్నాడు. తప్పుడు మాటేమీ కాదు. పక్కకు తిరిగి అన్నాడు కాబట్టి అమ్మకు అది తెలియలేదు. నేను కూడా చెప్పలేదు.

బస్టాపులో కూర్చున్నాక ఆమెకు ఎదురుగా నిలబడి అడిగాను.

“రెండుసార్లు చెప్పిన గద అమ్మా. కనపడలేదా?”

“సాఫ్ కనపడ్డది.”

“మరి?”

“నీది నువ్వు జెప్తవు. రేపు మంచంల ఉన్నోళ్లది ఎవరు జెప్తరు?”

బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కాం. దారి పొడవునా ఆమె కిటికీ వైపే చూసింది. అంటే నాతో మాట్లాడదలచుకోలేదని.

చిన్నమ్మ పాసైంది. ఇప్పుడు కతర్‌గామ్‌లో ఒక ఆస్పత్రిలో చేస్తోంది. అమ్మ ఆ వారంలోనే మళ్లీ కండెల పనికి వెళ్లింది. పోయేదాకా అక్కడే చేసింది. వెళ్లిన మొదటి రోజు మధ్యాహ్నం నేను డబ్బా ఇవ్వడానికి దిగితే, భోజనాల వేళ మగ్గాలు ఆపి ఉన్నాయి. అమ్మ తనతో పనిచేసే ఆడవాళ్లకు దూది పంచుతోంది. చెవుల్లో పెట్టుకోమంటోంది.

“దూది పెట్టుకుంటే నీ మాటలెట్ల ఇనపడ్తయి అక్కా?” అంది ఒకామె.

“మగ్గాలు నడుస్తుంటే ఇప్పుడేమన్న ఇనపడుతున్నయా?”

వాళ్లు నవ్వారు. కొందరు పెట్టుకున్నారు, ఒకామె దురదగా ఉందని వెంటనే తీసేసింది. అమ్మ వాళ్ల పెదాల వైపు చూస్తూ, ఎవరేమంటున్నారో ఒక్కొక్కరిగా వింటోంది. ఇంతలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.