చిల్లు పెట్టని లాజరు

డ్రిల్లు మిషను పట్టుకుని లాజరు పడవ పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పావుగంటయింది. పడవ అడుగున పెన్సిలుతో గీసుకున్న సున్నా మీదే ఉంది బిట్టు మొన. వేలు మాత్రం స్విచ్చి నొక్కడం లేదు.

లాజరు గుణదల మనిషి. పదో తరగతి తప్పాక గవర్నర్‌పేటలో టీవీలు బాగుచేశాడు. డబ్బా టీవీల కాలం చెల్లాక, పడవలకి చేపల జాడ చూపించే మిషన్లు బిగించడం నేర్చుకుని బందరు బస్సెక్కడం మొదలెట్టాడు. తెర పైన డ్రైవరు ముందుంటుంది. అసలు పని చేసేది అడుగున ఉండే సెన్సారు, అరచేతిలో పట్టేంత గుండ్రటి ముక్క. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేదాన్ని వింటుంది. దాని మూతి కింద నీళ్ళు నిండుగా ఉండాలి. నురగ తగిలిందా, తెర నిండా తెల్ల చుక్కలే.

పోయినేడు ఇంకో పడవకి అదే అయింది. ఆటుకి కాలవలో నీళ్ళు లాగేస్తే ఇక్కడి పడవలు బురదలో కుడి పక్కకి ఒరుగుతాయి. చెయ్యి అందేది పైకి లేచిన ఎడమ పక్కే. లాజరు అందిన చోటే చిల్లు పెట్టి బిగించేశాడు. ఇంజను వేడినీళ్ళు వదిలే గొట్టం కూడా ఆ పక్కే, ఇంకాస్త ముందుకుందని చూసుకోలేదు. దాని నురగంతా సెన్సారు మూతి మీదుగానే పోయింది. ఆ పడవ సీజనంతా గుడ్డిగా తిరిగింది. ఇతనికి ‘తెల్లతెర లాజరు’ అని పేరు పడింది. అప్పట్నుంచీ ఒక్కరూ పిలవలేదు. ఇవాళ ఈ పడవ యజమాని కనకలక్ష్మి పిలిచింది. ఇదీ చెడితే ఈ తీరంలో ఇతని మొహం చూసేవాడుండడు.

“ఏంది మేస్త్రీ, ప్రార్థన చేస్తన్నావా?” పైనుంచి వంగి అరిచాడు డ్రైవరు పోతురాజు. “రెండు గంటల్లో పోటొచ్చుద్ది. రెణ్ణెల్ల వేట నిషేధం ఇయ్యాల్టితో సరి, సాయంత్రం అందరూ లంగరెత్తుతారు. మనం గట్టున ఈగలు తోలుకోవాలా?”

“నీళ్ళ గొట్టం ఈ పక్కే ఉందన్నా.”

“అయితే కుడి పక్కన పెట్టు.”

లాజరు బురదలోకి భుజం దాకా చెయ్యి దూర్చి తడిమాడు. రంగు అన్నదే లేదు. ఆల్చిప్పలు గీకి గీకి ఫైబరు గరుకు తేలిపోయింది. ఆటు వచ్చినప్పుడల్లా పడవ బరువంతా పడేది అక్కడే. ఆ పక్క పెడితే సెన్సారు వారంలో పిండి.

ఇరవయ్యేళ్ళు గంపలో చేపలమ్మి కొనుక్కున్న పడవ. కనకలక్ష్మి గట్టు దిగి వచ్చింది.

“నిన్ను పిలవొద్దని నలుగురు చెప్పారు లాజరూ. అయినా పిలిచా. అటో ఇటో తేల్చు.”

“అటూ కాదు, ఇటూ కాదక్కా. చిల్లే వద్దు. లోపల అంటిస్తా.”

పోతురాజు పడీపడీ నవ్వాడు. “చేపలు పడవలో ఉన్నాయనుకున్నాడే మన తెల్లతెర!”

“చెక్క పడవైతే కుదరదన్నా. ఇది ఫైబరు. డొల్ల లేని గట్టి పొర దొరికితే శబ్దం దాంట్లోంచే పోద్ది.”

ఆ మాట లాజరు విన్నదే గానీ, చేసి చూసింది లేదు. లోపలికి దిగి పానా పిడితో అడుగంతా కొట్టుకుంటూ వెళ్ళాడు. చాలా చోట్ల డొల్లగా మోగింది. పడవ పొడుగునా సాగే నడుమ దూలం పక్కన జానెడు మేర మాత్రం ఖంగుమంది.

పోటు వచ్చింది. పడవ లేచి నిలబడింది. జిగురు పెట్టకముందే చూడాలని లాజరు అడుగున చేరిన నీళ్ళలో బోర్లా పడుకుని సెన్సారుని చేత్తో ఫైబరుకి అదిమి పట్టాడు. నీళ్ళ అడుగు నేలని చూపే గీత కోసం కనకలక్ష్మి తెర ముందు నిలబడింది. పోతురాజు కసిగా ఇంజను పెంచి కాలవ సముద్రంలో కలిసే మొగ వైపు తిప్పాడు.

“గీతుందా అక్కా?”

“ఉంది... ఉంది... పోయింది!”

లాజరు నోట్లోకి డీజిలు నీళ్ళు పోయాయి. సెన్సారుని దూలం వైపు నాలుగు వేళ్ళు జరిపాడు.

“వచ్చింది!”

“ఇంకా పెంచన్నా!”

ఇంజను అదురుకి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చెయ్యి తిమ్మిరెక్కింది.

“ఉంది లాజరూ. కదలట్లేదు.”

పోతురాజు ఇంజను ఆపి, గెడ వేసి లోతు చూశాడు. రెండు బారలు, అంటే పన్నెండడుగులు. తెర మీద మూడు మీటర్ల అరవై. గెడ దభీమని పడేశాడు.

తిరిగొచ్చి జిగురు పూసి సెన్సారు అంటించాక లాజరు అసలు మాట బయటపెట్టాడు. “జిగురు ఆరాలి. రేపు పొద్దుటిదాకా పడవ కదపకూడదు.”

“ఓర్నాయనో!” పోతురాజు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “మొదటి వేట పక్కోళ్ళకి రాసిచ్చెయ్యమంటన్నాడు!”

కనకలక్ష్మి లాజరు కళ్ళలోకి చూసింది. “రేపు సముద్రంలో ఆ గీత పోతే?”

“నా పేరు ఇంకెవరికీ చెప్పమాకక్కా.”

ఆమె ఇంజను తాళం తీసి నడుముకి దోపుకుంది. సాయంత్రం ఒక్కొక్క పడవే మొగ దాటిపోతుంటే, ఆమె పడవ ఒక్కటే కాలవలో మిగిలింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బందరు బస్టాండులో లాజరు ఫోను మోగింది.

“మేస్త్రీ!” ఇంజను మోతలో పోతురాజు గొంతు. “ఎనిమిది బారల లోతు. గీత బానే ఉంది. దాని మీద ఎర్రగా ముద్దలాగా ఏదో ఉంది. చేపేనా, నీ టీవీ బొమ్మా?”

“వలేసి చూడన్నా,” అన్నాడు లాజరు.

“ఏశాం. లాగేదాకా బస్సెక్కమాక.”