మా మేనత్త నిదానం

నా చిన్నప్పుడు మాట ఒక్కటి తప్ప నాకు అన్నీ తొందరగానే వచ్చాయి. నడక, కోపం, ఆకలి, పక్కవాడి చేతిలో జామకాయ మీద ఆశ, అన్నీ. మాట మాత్రం గొంతు దాకా వచ్చి, గడప దగ్గర కొత్తకోడలిలా నిలబడిపోయేది.

మాది సూర్యాపేట. నిజాం కాలం, ఉర్దూ బడి. సార్ పేరు పిలవగానే 'హాజిర్ సాబ్' అనాలి. నా 'హా' తెమిలేలోపు ఆయన ఇంకో ముగ్గురిని దాటేసేవారు. ఎదురుగా కూర్చున్న నేను గైర్హాజరు! మర్నాడు, నిన్నెందుకు రాలేదని బెత్తం. దానికి మాత్రం నత్తి లేదు. పిల్లలు నవ్వేవాళ్లు. ఇక బడికి పోనని మొండికేసి, ఇంట్లో కూడా నోరు మూసుకున్నాను. నేను కుండ వైపు చూస్తే మా నాయనమ్మ నీళ్లిచ్చేది, ఉట్టి వైపు చూస్తే పెరుగు. మాటతో పనేముంది?

అప్పుడు మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి మా మేనత్త వచ్చింది. అటు గడబిడగా ఉందని మామయ్య పంపించాడు. వచ్చిన రోజే, నీళ్లు ముంచబోతున్న నాయనమ్మను ఆపేసింది.

"ఉండమ్మా, వాడే అడుగుతడు," అంది, ఒక్కో మాటా సాగదీస్తూ.

"వానికి రాదే బిడ్డా, పరేషాన్ చెయ్యకు."

"నాకేం తొందరున్నది? వానలు పడేదాక ఈడనే ఉంట గద."

నా ఎదుట కూర్చుని కళ్లలోకి చూసింది. 'నీళ్లు' అనడానికి ఎంతసేపు పట్టిందో గాని, ఆమె నవ్వలేదు, జాలిపడలేదు, ఆ మాట తాను అందించనూలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం జొన్నలు విసిరేటప్పుడు నన్ను విసుర్రాయికి అవతల కూర్చోబెట్టేది. పిడి మీద నా చేయి, దాని మీద ఆమె చేయి. రాయి ఒకసారి తిరిగితే ఒక మాట. నా ఎదుట ఎవరితోనైనా తానూ అలాగే సాగదీసి మాట్లాడేది. పాపం, అత్తకూ నాలాగే మాట రాదనుకున్నాను. అందుకే ఆమె దగ్గర నాకు సిగ్గు వేసేది కాదు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోయింది. మిరపకాయల దుకాణం ముందు అత్త నోరు తెరిచింది.

"ఏందయ్యా గిది? కాయల కంటె తొడిమలే ఎక్కువున్నయ్! కూరల తొడిమలేసుకుంటమా? జర దేవునికన్న భయపడు, నీ తక్కెడకే సిగ్గయితది!"

పేలాలు వేగినట్టు, ఊపిరి తీయకుండా! దుకాణదారు గబగబా తొడిమలు ఏరడం మొదలుపెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నన్ను మోసం చేసిందనిపించింది. దారిలో, విసుర్రాయి పిడి పట్టుకున్నట్టు గాల్లోనే చేయి తిప్పుకుంటూ అడిగేశాను.

"అత్తా... నీకు... ఇంత... మాటొస్తదా?"

"వస్తది అల్లుడా. మీ మామనడుగు, ఎంతొస్తదో చెప్తడు."

"మరి... నాతోని?"

అత్త నిలబడిపోయింది. "పిల్లల్ని ఏలువట్టుకొని నడిచేటోళ్లు ఉరుకుతరారా?" అంది.

వానలు పడ్డాక ఆమె వెళ్లిపోయింది. నేను బడికి పోయాను. మోకాలి కింద చేయి తిప్పుకుంటూ 'హాజిర్ సాబ్' అన్నాను. అప్పటికే ఒక పేరు దాటిన సార్ తలెత్తి చూసి, వెనక్కి వచ్చి నాకు హాజరు వేశారు. కొన్నాళ్లకు బడి మానేశాననుకోండి. ఆ పాపం లెక్కలది, నత్తిది కాదు.

ఇప్పుడు నన్ను అందరూ వాగుడుకాయ అంటారు. ఎవరి మాటకైనా అడ్డుపడతాను. కానీ మా మనవరాలు ఒక మాట కోసం తడుముకుంటుంటే, అది నా నాలుక చివరే ఉన్నా, పళ్లు బిగించి కూర్చుంటాను. ఆ కాసేపు ఎంత పొడుగో, మా అత్త ఎంత ఓర్చుకుందో, ఇటువైపు కూర్చున్నాకే తెలిసింది.